గోదావరికి మూడు హెచ్చరికలు, ఉద్యోగికి ఒకే తేదీ

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 48 అడుగులకు రెండోది, 53కు మూడోది. ఒక్కో హెచ్చరికకూ చేయాల్సిన పనులు వేరు. సామాను సర్దుకునేది ఒకప్పుడు, ఇల్లు వదిలేది ఇంకొకప్పుడు. ఇంత పద్ధతి తెలిసిన యంత్రాంగమే ముప్పై ఏళ్లకు పైబడి పనిచేసిన మనిషిని పంపేటప్పుడు ఏ పద్ధతీ పాటించదు. నెలాఖరు సాయంత్రం దాకా పూర్తి ఉద్యోగి, తెల్లారితే ఆఫీసులో కుర్చీ కూడా లేదు. తేదీ ముందే తెలుసు కదా అంటారు. తెలుసు. వరద వస్తుందనీ ఏటా తెలుసు. తెలిసినదానికి తగ్గట్టు ముందు నుంచే ఏర్పాటు చేసుకోవడం గురించే నేనడిగేది.

నేను ఏఎన్‌ఎంగా చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా 2024 జూన్ 30న రిటైరయ్యాను. దుమ్ముగూడెం, చర్ల మండలాల అడవి ఊళ్లలోనే నా సర్వీసు దాదాపు అంతా గడిచింది. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, అందరికీ సిస్టరమ్మనే. నాకు పాత పెన్షన్ వస్తోంది, తిండికి లోటు లేదు. కాబట్టి ఇది నా గోడు కాదు. ఉద్యోగం నుంచి విశ్రాంతిలోకి మెట్లు మెట్లుగా దిగే వీలుండాలి. ఆ వీలు జబ్బు చేసినవాళ్లకో, పెద్ద హోదాలో ఉన్నవాళ్లకో మాత్రమే దక్కకూడదు. ఆరోగ్యంగా ఉండి, కింది స్థాయిలో తిరిగి పనిచేసేవాళ్లకు అది హక్కుగా దక్కాలి. నా వాదన ఇంతే.

జూన్ 30 అనే తేదీ సంగతి ముందు చెప్పాలి. మా తరంలో చాలామంది పుట్టినరోజులు బడిలో పంతులుగారు వేసినవే. పిల్లను తీసుకెళ్లి నిలబెడితే, చెయ్యి తల మీదుగా అవతలి చెవికి అందిందో లేదో చూసి, జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ రాసేసేవారు. అందుకే ఏ శాఖలో చూసినా జూన్ నెలాఖరుకు రిటైరయ్యేవాళ్లు కనబడతారు. మా ఏజెన్సీలో అవి తొలకరి పడి, వాగులు కదిలి, జ్వరాలు మొదలయ్యే రోజులు. ఏడాది మొత్తంలో అనుభవం ఉన్న మనిషి అవసరం ఎక్కువగా ఉండే సమయం చూసి మరీ ఆ మనిషికి శాలువా కప్పి పంపించేస్తాం.

ఆ రోజు నేను అప్పగించిన ప్రతి వస్తువుకూ సంతకం ఉంది. గర్భిణుల రిజిస్టర్లు, టీకాల రిజిస్టర్, మందుల స్టాకు పుస్తకం, బీపీ మిషన్ అన్నీ లెక్కకు సరిపోయాయి. లెక్కకు రానివి వేరే ఉన్నాయి. ఫలానా గుంపులో అత్తకు చెప్పకుండా కోడలిని ఆసుపత్రికి రమ్మంటే రాదు. ఫలానా ఊరికి కాగితం మీద దారి ఉంటుంది, వాగు పొంగితే ఉండదు, పక్క ఊరి చెరువుకట్ట మీదుగా చుట్టి పోవాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నవాళ్లలో ఎవరైనా గర్భిణి ఉంటే, నెలలు నిండేదాకా ఆగకూడదు, దారులు తెగకముందే భద్రాచలం చేర్చాలి. అందుకు ఆమె మొగుడితో మాట్లాడితే సరిపోదు, గుంపు పెద్దను కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. జ్వరం పిల్లాడి వేలు పొడవాలంటే ముందు వాళ్ల నాయనమ్మ వేలు పొడిచి చూపించాలి, అప్పుడు వాడు చెయ్యి ఇస్తాడు.

ఇవి ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కవు. పక్కన నడుస్తూ నేర్చుకోవాల్సినవి. ఒక్క వానాకాలం ఇద్దరం కలిసి తిరిగితే చాలు, సగానికి సగం వచ్చేస్తాయి. నా స్థానంలోకి వచ్చినామె నేను వెళ్లిపోయాకే చేరింది. చురుకైన పిల్ల. దారి తెలియకపోతే ఫోన్ చేస్తుంది, నేను చెబుతాను. అయితే ఒక వైద్య వ్యవస్థ, రిటైరైన ఆడమనిషి ఫోన్ ఎత్తుతుందన్న ధీమా మీద నడవకూడదు కదా.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే చూశాం. ఆ వారం మా దగ్గర అందరికన్నా అక్కరకొచ్చింది పాతకాపులే. 1986 వరదను కళ్లారా చూసినవాళ్లు కొందరు, వయసు పెంపు వల్ల ఇంకా సర్వీసులో ఉన్నారు. నీళ్లు ముందు ఏ వాడలో ఎక్కుతాయో, ఏ బడి మిట్ట మీద ఉందో, మందుల పెట్టెలు ఎక్కడ దాచాలో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అదే వారం, పడవలోకి ఎక్కడానికి ఇద్దరు చెరో రెక్క పట్టుకోవాల్సి వచ్చింది కూడా వాళ్లకే. వాళ్ల తెలివి మాకు కావాలి. వాళ్ల మోకాళ్లకు విశ్రాంతి కావాలి. మన సర్వీసు నిబంధనలకు ఈ రెంటినీ విడదీసి చూడటం చేతకాదు. ఉంచితే మనిషిని మొత్తంగా ఉంచుతారు, తీస్తే మొత్తంగా తీస్తారు.

మోకాళ్ల మాట ఊరికే అనలేదు. టీకాల రోజున ఏఎన్‌ఎం భుజాన వేలాడే నీలం పెట్టెను చాలామంది చూసే ఉంటారు. లోపల నాలుగు ఐస్ ప్యాకులు, వాటి మధ్య టీకా సీసాలు. రోడ్డు మీద అది పెద్ద బరువనిపించదు. బండి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి లోతు వాగులో నడుస్తుంటే మాత్రం ఆ పట్టీ మెడ దగ్గర కోసుకుపోతుంది. పెట్టె తడవకూడదు, ఒరగకూడదు, ఐస్ కరిగేలోపు ఊరు చేరాలి. ఇరవై అయిదేళ్ల వయసులో ఆ వాగు ఆటలా ఉండేది. యాభై దాటాక అడుగున ఏ రాయి కదులుతుందోనన్న ధ్యాసే. ఊరు చేరాక నేను చేసే పనిలో మాత్రం తేడా రాలేదు. ఇంకా చెప్పాలంటే, సూది వేసేటప్పుడు పిల్లాడు ఏడవకుండా చూడటం వయసు మీద పడ్డాకే నాకు బాగా చేతనైంది.

ప్రభుత్వాలు రిటైర్మెంట్ విషయం పట్టించుకోలేదని కాదు. పట్టించుకున్నప్పుడల్లా అంకె ఒక్కటే మార్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీ రామారావు ప్రభుత్వం 1983లో రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు దించింది. వేలమంది ఒక్క దెబ్బకు ఇళ్లకు పోయారు. మరుసటి ఏడాదే మళ్లీ 58 చేశారు, కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. రాష్ట్రం విడిపోయాక 2014లో ఆంధ్రప్రదేశ్ 60 చేసింది, 2022లో 62 చేసింది. తెలంగాణ 2021లో 58 నుంచి 61 చేసింది. ఆర్టీసీలో 2019 సమ్మె తర్వాత 60 చేశారు. ఇన్ని మార్పుల్లో ఒక్కసారైనా, చివరి ఏళ్లు ఎలా గడవాలన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

2021 మార్చిలో అసెంబ్లీ ప్రకటన వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తు. ఆ జూన్‌లో దిగిపోవాల్సిన వాళ్లలో నేనూ ఉన్నాను. మాతో పనిచేసే ఒకామె మిఠాయి పొట్లం తెచ్చింది. కూతురి పెళ్లికి చేసిన అప్పు ఈ మూడేళ్లలో తీరిపోతుందని ఆమె సంతోషం. ఇంకొకామె పొట్లం వైపు చూడలేదు. అప్పటికే కోవిడ్ డ్యూటీలతో ఒళ్లు హూనమై, ఇంకో మూడు నెలలని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది. పోనీ ముందే మానేద్దామంటే పెన్షన్, గ్రాట్యుటీ లెక్కలు తగ్గుతాయని ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. ఒకే జీవో ఒకరికి వరమైంది, ఒకరికి శిక్షయింది. వారానికి మూడు రోజులు చేస్తావా అని రెండో ఆమెను అడిగి ఉంటే ఎగిరి గంతేసి ఉండేది. అడగడానికి నిబంధనల్లో ఆ మాటే లేదు.

ఉన్నవి మూడు దారులు. మొదటిది స్వచ్ఛంద పదవీ విరమణ. ఇరవై ఏళ్ల సర్వీసు నిండాక, మూడు నెలల నోటీసు ఇచ్చి వెళ్లిపోవచ్చు. అది ముందుగా మూసే తలుపే తప్ప, మెల్లగా దిగే మెట్టు కాదు. రెండోది మెడికల్ అన్‌ఫిట్. మూడోది రిటైరయ్యాక మళ్లీ తీసుకోవడం. ఈ మూడోది ఎవరికి దక్కుతుందో సచివాలయం చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. 2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం, రిటైరయ్యాక కూడా వివిధ శాఖల్లో కొనసాగుతున్న వేలమందిని ఇక ఇంటికి పంపాలని ఆదేశించింది. అంటే అనుభవాన్ని వాడుకోవడం ప్రభుత్వానికి తెలియని విద్య కాదు. ఆ విద్యలో పైరవీ ఉంది, పద్ధతి లేదు.

మెడికల్ అన్‌ఫిట్ దారిని అర్థం చేసుకోవాలంటే మా పక్కనే ఉన్న బొగ్గుబాయిల వైపు చూడాలి. కొత్తగూడెం, మణుగూరు, ఇల్లందు ఇళ్లలో రిటైర్మెంట్ గురించి మాట్లాడినంతగా ఇంకెక్కడా మాట్లాడుకోరు. సింగరేణిలోనూ 2021లో వయసు 60 నుంచి 61 అయింది. అక్కడ అసలు ప్రశ్న వయసు కాదు, కొడుకు. తండ్రి దిగిపోతే కొడుక్కు ఉద్యోగం వచ్చే వారసత్వ విధానం ఒకప్పుడు ఉండేది, తర్వాత ఆగిపోయింది. 2016లో మళ్లీ తెస్తామని ప్రకటించారు. 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది. తండ్రి ఉద్యోగం కొడుక్కు ఆస్తిలా రావడం రాజ్యాంగానికి సరిపడదంది. ఆ తర్వాత మిగిలింది కారుణ్య నియామకం. కార్మికుడు పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చితేనే వారసుడికి కొలువు.

ఇందులో మెలిక చూడండి. ఒక కోల్ ఫిల్లర్‌కో, టింబర్‌మన్‌కో యాభై ఏడేళ్లు వచ్చాయనుకుందాం. మనిషి గట్టిగా ఉన్నాడు, బాయి లోపలి పని మాత్రం ఇక చాలనిపిస్తోంది. ఇంట్లో ఐటీఐ చదివిన కొడుకు ఖాళీగా ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్నందుకు తండ్రికి దొరికేది ఇంకో నాలుగేళ్ల చాకిరీ. ఊపిరితిత్తులు పాడైతేనో, గుండె దెబ్బతింటేనో కొడుక్కు దొరికేది ఉద్యోగం. జబ్బు కోసం ఎదురుచూసే స్థితికి మనిషిని నెట్టే నిబంధన అది. మణుగూరులో బాయి పనిచేసి దిగిన మా బావగారు ఒకమాట అంటుంటారు: "రోగమొచ్చినోడికే దారి చూపెట్టిన్రు. మంచిగున్నోడు ఆఖరి మస్టర్ దాకా దిగుడే." మెడికల్ బోర్డుల చుట్టూ దళారుల ఆరోపణలు ఎందుకు వస్తాయో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఒకే ఒక్క ద్వారం పెట్టి, దాని మీద రోగం అని రాస్తే అక్కడ బేరాలు మొదలవుతాయి.

బావగారి పెన్షన్ సంగతీ ఇక్కడే చెప్పాలి. బొగ్గు గనుల పెన్షన్ పథకం 1998 నాటిది. మా ప్రభుత్వ పెన్షనర్లకు వచ్చినట్టు అందులో కరువుభత్యం కలవదు. దిగిన రోజు ఎంత కట్టారో అంతే, బియ్యం ధర పెరిగినా, బీపీ మాత్రల ధర పెరిగినా. అందుకే దిగిన మరుసటి నెల నుంచే చాలామంది వాచ్‌మన్లుగానో, ఆటో నడిపేవాళ్లుగానో కనబడతారు. దాన్ని చూసి 'రిటైరయ్యాక కూడా ఎంత ఉత్సాహంగా పనిచేస్తున్నారో' అని మురిసిపోయేవాళ్లున్నారు. పెన్షన్ చాలక చేసే పనిని ఉత్సాహం ఖాతాలో వేయకండి. ఇష్టం వచ్చినంత తగ్గించుకునే వీలుంటేనే అది వెసులుబాటు. తగ్గించుకుంటే పొయ్యి వెలగదంటే, పాత బానిసత్వానికి కొత్త పేరు పెట్టినట్టే.

నౌకరీ లేని మనుషులు ఎలా దిగుతారో చూడాలంటే తునికాకు సీజన్‌లో మా వైపు రావాలి. ఏప్రిల్, మే నెలల్లో కోయ కుటుంబాలు తెల్లవారకముందే అడవిలోకి పోతాయి. కోసేది వయసులో ఉన్నవాళ్లు. మధ్యాహ్నానికి ఆకు మూటలు ఇంటికి చేరాక, నడవలేని ముసలామె ముందు గుమ్మరిస్తారు. చిరుగు ఆకు, ముదురు ఆకు ఏరి పారేసి, మంచి ఆకు ఒకదాని మీద ఒకటి పేర్చి, యాభై ఆకులకు ఒక కట్ట కడుతుంది. ఆమె వేళ్లు ఆకును తాకగానే చిరుగు ఎక్కడుందో చెప్పేస్తాయి, చూడనక్కర్లేదు. కల్లంలో కట్టలు తిరగ్గొట్టకుండా తీసుకోవడం ఆమె చేతి చలవే. పక్కన మనవరాలు కూర్చుని కట్టడం నేర్చుకుంటూ ఉంటుంది. నలభై ఏళ్లు అడవంతా కోసిన మనిషి ఇప్పుడు కూర్చుని ఏరుతుంది. రేపు అదీ చేయలేనప్పుడు ఊయల ఊపుతుంది. పని ఆగదు, పని తీరు మారుతుంది. పక్కనే నేర్చుకునే చెయ్యి ఉంటుంది.

అలాగని ఆ ముసలామె బతుకు బంగారమని నేను చెప్పను. ఆమెకు గ్రాట్యుటీ లేదు, సెలవు లేదు, కూర్చోలేని రోజున కూలి లేదు. ఆమెకున్నదల్లా ఆసరా పెన్షన్. ఇక్కడ మా సరిహద్దు వింత ఒకటుంది. 2014లో పోలవరం పేరిట భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. గుడి ఉన్న పట్నం తెలంగాణ, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్ర. తెలంగాణ వైపు వృద్ధాప్య పెన్షన్ 2019లో పెంచిన రూ.2,016, వయసు 57. ఆంధ్ర వైపు 2024 జూలై నుంచి రూ.4,000, వయసు 60, గిరిజనులకైతే 50. ఒకే గోత్రం, ఒకే వాగు నీళ్లు, ఒకే అడవి. అక్కాచెల్లెళ్లు చెరో వైపు కాపురం చేస్తుంటే ఒకరు ముసలివాళ్ల లెక్కలోకి వచ్చేస్తారు, ఒకరు ఇంకా రారు. టీచరమ్మ భద్రాచలం బడిలో ఉంటే 61కి దిగాలి, ఎటపాక బడిలో ఉంటే 62కి. మనిషి ముసలితనం రాష్ట్ర సరిహద్దును చూసి వస్తుందా? మనం ఖచ్చితమైన గీతలనుకుంటున్న ఈ వయసులన్నీ ఒకప్పుడు ఎవరో బల్ల మీద కూర్చుని గీసినవే. గీసినవాటిని మళ్లీ గీసుకోవచ్చు.

వేరే దేశాలు ఈ పని చేసి చూశాయి. స్వీడన్ 1976లోనే పాక్షిక పెన్షన్ తెచ్చింది. అరవై దాటినవాళ్లు పని గంటలు తగ్గించుకుంటే, తగ్గిన జీతంలో పెద్ద భాగాన్ని పెన్షన్‌గా ఇచ్చేవారు. జనం బాగానే వాడుకున్నారు, ఖర్చు పెరిగేసరికి ఆ పథకాన్ని తగ్గిస్తూ పోయి చివరకు ఎత్తేశారు. జర్మనీ 1996లో సగం పని చట్టం చేసింది. అక్కడ ఎక్కువమంది ఏం చేశారంటే, రోజూ సగం పని చేయకుండా, మొదటి సగం కాలం పూర్తి పనిచేసి, రెండో సగం పూర్తిగా ఇంట్లో కూర్చున్నారు. మెల్లగా దిగడానికి వేసిన మెట్లను గెంతడానికి వాడుకున్నారన్నమాట. మనం నేర్చుకోవాల్సిన పాఠాలు రెండు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే లెక్క చూసుకోవాలి. సగం పని అంటే నిజంగా సగం పనే అయ్యేట్టు, పక్కన నేర్చుకునే మనిషి ఉండేట్టు కట్టుబాటు పెట్టాలి.

మనకు దగ్గరలోనే ఇంకో ఉదాహరణ ఉంది. తమిళనాడులో విద్యా సంవత్సరం మధ్యలో రిటైరయ్యే టీచర్లను ఆ ఏడాది చివరిదాకా మళ్లీ నియమించి కొనసాగిస్తారు. పిల్లల చదువు మధ్యలో తెగకూడదని. బడికి విద్యా సంవత్సరం ఎలాంటిదో ఏజెన్సీ వైద్యానికి వానాకాలం అలాంటిది. ఫారెస్టు బీట్ ఆఫీసరుకు వేసవి మంటల కాలం అలాంటిది. ఆ కాలం మధ్యలో మనిషిని మార్చకూడదన్న ఇంగితం ఒక శాఖకు ఉన్నప్పుడు మిగతావాటికి ఎందుకు ఉండకూడదు?

నా ప్రతిపాదన ఇది. ఊరూరా తిరిగే, ఒళ్లు వంచే ఉద్యోగాల్లో, అంటే ఏఎన్‌ఎం, బీట్ ఆఫీసర్, లైన్‌మన్, బస్సు డ్రైవర్, గని కార్మికుడు, చివరి రెండేళ్లు ఉద్యోగి కోరుకుంటే సగం డ్యూటీ ఇవ్వాలి. సగం జీతం, దానితోపాటు పెన్షన్‌లో కొంత భాగం. ఇందులో ఒక ప్రమాదం ఉంది. పెన్షన్ లెక్క కట్టేది చివరి జీతం మీద. కాబట్టి సగం డ్యూటీలో ఉన్నా, లెక్కకు మాత్రం పూర్తి జీతాన్నే తీసుకోవాలి. ఈ ఒక్క వాక్యం జీవోలో లేకపోతే ఎవరూ ముందుకు రారు, రాకూడదు కూడా.

రెండోది, వారసులు ముందే రావాలి. ఈ వారసులు కన్నబిడ్డలు కానక్కర్లేదు, పోటీ పరీక్ష రాసి వచ్చిన ఎవరైనా సరే. అవసరమైతే అదనంగా పోస్టు సృష్టించుకునే సూపర్‌న్యూమరరీ పద్ధతి మన పాలనలో కొత్తేమీ కాదు. పాత మనిషి సగం రోజులు, కొత్త మనిషి పూర్తి రోజులు, కనీసం ఒక సీజన్ కలిసి తిరగాలి. అప్పగింత పత్రం మీద సామాను లెక్కతోపాటు, కలిసి తిరిగిన ఊళ్ల జాబితా కూడా ఉండాలి.

మూడోది, తేలిక పనికి జబ్బు సర్టిఫికెట్ అడగకూడదు. యాభై ఎనిమిదేళ్ల డ్రైవరు రాత్రిపూట మారేడుమిల్లి ఘాట్ ఎక్కలేనంటే, అన్‌ఫిట్ అనిపించుకుని వస్తేగానీ వేరే పని ఇవ్వమనడం అన్యాయం. కొత్త డ్రైవర్లకు ఆ మలుపులు నేర్పించే పని ఇవ్వండి. బాయి లోపల కప్పును కర్రతో కొట్టి, ఆ చప్పుడు విని బండ కదిలిందో లేదో చెప్పే సర్దార్‌కు శిక్షణ కేంద్రంలో చోటివ్వండి. ఆ చెవిని పుస్తకంలో నేర్పలేరు.

నిరుద్యోగుల మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2021లో వయసు పెంచినప్పుడు, నోటిఫికేషన్ల కోసం హైదరాబాద్ హాస్టళ్లలో కళ్లు కాయలు కాసేలా చూస్తున్న పిల్లల కడుపు మండింది. మూడేళ్లు ఒక్క ఖాళీ రాకపోతే మండదా? నేను చెబుతున్నది దానికి తలకిందులు. వయసు పెంచితే కుర్చీ మూడేళ్లు మూసుకుపోతుంది. సగం డ్యూటీ ఇస్తే కుర్చీ రెండేళ్లు ముందే తెరుచుకుంటుంది. ముప్పై ఏళ్లు దాటిన సీనియర్ జీతం, కొత్తగా చేరే పిల్ల జీతానికి రెట్టింపుకు అటూ ఇటూగా ఉంటుంది. సీనియర్ వదులుకున్న సగంతో కొత్త జీతంలో చాలా భాగం వెళ్లిపోతుంది. పైన పడే భారం ఆ కొంత పెన్షన్ మాత్రమే. వచ్చే లాభం, తెగని దారి, తెలిసిన చెయ్యి, తప్పిపోని గర్భిణి.

పైవాళ్లు దీన్నీ తమకు అనుకూలంగా మలచుకుంటారన్న భయం కూడా ఉంది. అందుకే ఈ వెసులుబాటు మొదట కింది నుంచి మొదలవ్వాలి. ఆఫీసులో ఏసీ గదిలో కూర్చునేవారికి అరవై ఒకటి పెద్ద వయసు కాదు. వాగు దాటేవారికి పెద్ద వయసే. ఒళ్లు అరిగే ఉద్యోగాలకు ముందు, తక్కినవాటికి తర్వాత.

కాంట్రాక్టు సిబ్బందిని వదిలేస్తే ఈ వాదనంతా బోలుగా మిగులుతుంది. నాతో సమానంగా అడవి తిరిగిన సెకండ్ ఏఎన్‌ఎంలు క్రమబద్ధీకరణ కోసం 2023లో సమ్మె చేశారు. వాళ్లకు నాకొచ్చే పెన్షన్ లేదు. అంగన్‌వాడీ టీచర్లను 65 దాకా పనిచేయించుకుని, దిగేటప్పుడు లక్ష రూపాయలు, ఆయాలకు యాభై వేలు ఇస్తామని అదే ఏడాది ప్రకటించారు. జీతం తక్కువ ఉన్నవాళ్లకే పని ఏళ్లు ఎక్కువ, దిగాక చేతికి వచ్చేది తక్కువ. వీళ్ల దగ్గరికి వెళ్లి సగం పని, సగం జీతం అంటే ఎగతాళి చేసినట్టే. వీళ్లకు మొదటి మెట్టు నెలనెలా వచ్చే పెన్షన్. అది వేసిన తర్వాతే రెండో మెట్టు మాట.

ఉద్యోగ సంఘాల నాయకులకు కూడా ఒక మాట. పీఆర్సీ వస్తోందంటే ఫిట్‌మెంట్ ఎంత, డీఏ బకాయిలు ఎన్ని అన్నదే చర్చ. అవి అడగాలి, కాదనను. ఆ పక్కనే చివరి రెండేళ్ల పని తీరు అన్న అంశం కూడా పెట్టండి. బొగ్గు గనుల సంఘాలు పెన్షన్‌కు కరువుభత్యం అడుగుతున్నాయి. జబ్బు లేకుండానే తేలిక పనికి మారే హక్కు కూడా అదే కాగితం మీద రాయండి.

అన్నీ ఒకేసారి కావు. కాబట్టి ప్రభుత్వానికి చిన్న మొదలు ఒకటి సూచిస్తాను. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏజెన్సీ మండలాల్లో వచ్చే రెండేళ్లలో ఏ ఏఎన్‌ఎం ఏ నెలలో దిగిపోతుందో సర్వీసు రిజిస్టర్లలో తేదీతో సహా ఉంది. ఒక గుమస్తా కూర్చుంటే ఒక పూటలో జాబితా తయారవుతుంది. అందులో జూన్ నుంచి అక్టోబర్ మధ్య దిగేవాళ్లను అక్టోబర్ ఆఖరు దాకా సగం డ్యూటీలో ఉంచండి, వాళ్ల స్థానంలోకి వచ్చేవాళ్లను మే నెలలోనే పంపండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు. ఒక్క వానాకాలం నడిపి చూసి, ఆ సీజన్‌లో ఆసుపత్రికి చేరిన గర్భిణుల లెక్కను అంతకుముందు ఏడాది లెక్కతో పోల్చండి. లెక్క మెరుగ్గా ఉంటే మిగతా శాఖలకూ విస్తరించండి. లేకపోతే ఎత్తేయండి, నేను వచ్చి వాదించను.